బండి ఇన్సూరెన్స్‌లో తగ్గేదేది, తగ్గనిదేది

సంపాదకులకు నమస్కారం.

బండి ఇన్సూరెన్స్ ఏటేటా భారమవుతోందన్న మాట బెంగళూరులో తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోటల్లా వినిపిస్తోంది. మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం పీజీల్లో ఉండే కుర్రాళ్ళ దగ్గర్నుంచి స్కూటర్ మీద డ్యూటీకి వెళ్ళే చిరుద్యోగుల దాకా అందరూ అడిగేది ఒక్కటే: ఎక్కడ తక్కువకి దొరుకుతుంది? మోటారు బీమా పనిలో ఉన్నవాళ్ళుగా మా సలహా ఏమిటంటే, కంపెనీల వెంట పడే ముందు చేతిలో ఉన్న పాలసీ తీసి, అందులో ఏ అంకె తగ్గుతుందో ఏది తగ్గదో విడదీసి చూసుకోండి. తగ్గకూడని చోట వంద, నూట యాభై మిగుల్చుకోబోయి జనం వేలల్లో పోగొట్టుకుంటున్నారు. నిజంగా తగ్గే చోటుని చూడకుండానే డబ్బు కట్టేస్తున్నారు.

పాలసీ మొదటి పేజీలో ప్రీమియం రెండు భాగాలుగా ఉంటుంది. ఓడీ (ఓన్ డ్యామేజ్) అన్నది మన బండికి జరిగే నష్టానికి, దొంగతనానికి. టీపీ, అంటే థర్డ్ పార్టీ, మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. ఈ టీపీ రేటు ఏ కంపెనీ చేతిలోనూ లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నోటిఫై చేస్తుంది, దేశమంతా ఒకటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 75 సీసీ లోపు బండికి 538 రూపాయలు, 75 దాటి 150 సీసీ దాకా 714, 150 దాటి 350 దాకా 1,366, ఆ పైన 2,804. ఎలక్ట్రిక్ బండ్లకి 15 శాతం తక్కువ: 3 కిలోవాట్ల లోపు 457, 3 దాటి 7 కిలోవాట్ల దాకా 607. అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ అదనం. కాబట్టి 125 సీసీ బండికి థర్డ్ పార్టీ ఎవరి దగ్గర తీసుకున్నా జీఎస్టీతో 843 రూపాయలు. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని కూర్చున్న వ్యక్తి 400కే ఇస్తానన్నాడంటే అది పాలసీ కాదు, ప్రింటు తీసిన కాగితం. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే బీమా కంపెనీ పేరు, గడువు తేదీ కనిపిస్తాయి. పాలసీ తీసుకున్న కొద్ది రోజుల్లో అక్కడ వివరాలు మారకపోతే వెంటనే కంపెనీ కస్టమర్ కేర్‌కి పాలసీ నంబరు చెప్పి సరిచూసుకోవాలి. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా. జైలు శిక్షకి కూడా చట్టంలో వీలుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం ఓనరే సొంతంగా కట్టాలి.

సీసీ హద్దు దగ్గర ఒక మాట. కొత్త బండి కొనేటప్పుడు 149 సీసీకీ 155 సీసీకీ మధ్య ఊగిసలాడేవాళ్ళు చాలామంది ఉంటారు. కొత్త బండికి టీపీ ఒకేసారి ఐదేళ్ళకి కట్టాలి. 2018 సెప్టెంబరు 1 నుంచి సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన నిబంధన ఇది. 150 సీసీ లోపు బండికి ఐదేళ్ళకి 3,851, ఆ పై తరగతికి 7,365. తేడా జీఎస్టీతో కలిపి 4,147 రూపాయలు. షోరూంలో ఈ తేడా ఎవరూ విడిగా చెప్పరు, ఆన్ రోడ్ ధరలో కలిసిపోతుంది.

ఈ ఐదేళ్ళ టీపీ దగ్గరే అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది. షోరూంలో ఇచ్చే పాలసీలో టీపీ ఐదేళ్ళకి ఉంటుంది, ఓడీ మాత్రం ఏడాదికే. మొదటి ఏడాది అయ్యాక "ఇన్సూరెన్స్ అయిపోతోంది" అని మెసేజ్ రాగానే చాలామంది కంగారుపడి మళ్ళీ ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు. అంటే టీపీ రెండోసారి కట్టినట్టే, 125 సీసీ బండికి 843 రూపాయలు ఊరికే పోయినట్టే. అప్పుడు కావలసింది ఓడీ ఒక్కటే. 2019 సెప్టెంబరు నుంచి ఓడీ విడిగా, నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. టీపీ ఉన్న కంపెనీలోనే ఓడీ తీసుకోవాలన్న రూలేమీ లేదు. ఫారంలో పాత టీపీ పాలసీ నంబరు, కంపెనీ పేరు, గడువు తేదీ నింపితే చాలు. ఇప్పటికే రెండుసార్లు కట్టేసినవాళ్ళు ఆ రెండు పాలసీల కాపీలు జత చేసి, డబుల్ ఇన్సూరెన్స్ అయిందని రెండో కంపెనీకి ఈమెయిల్ పెట్టి రద్దు అడగాలి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఏడాది పాలసీలో క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజులకి తగ్గ ప్రీమియం వాపసు ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ వాపసు తగ్గిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. రద్దు చేసేముందు విడి ఓడీ పాలసీ తీసి చేతిలో పెట్టుకోవాలి.

ఇక ఓడీ. ఇక్కడే కంపెనీకీ కంపెనీకీ తేడా వస్తుంది. 2007 నుంచి ఓడీ రేట్లు కంపెనీల ఇష్టానికే వదిలేశారు, అయినా పాత టారిఫ్, అంటే అంతకుముందు అన్ని కంపెనీలకీ ఉన్న రేట్ల పట్టిక, ఇంకా లెక్కకి ఆధారంగా పనికొస్తుంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి ఎనిమిది నగరాలు జోన్ ఏ. ఐదేళ్ళ లోపు, 150 సీసీ లోపు బండికి జోన్ ఏలో ఐడీవీ (బీమా లెక్కలో బండి విలువ) మీద 1.708 శాతం, మిగతా దేశమంతా జోన్ బీ, అక్కడ 1.676. ఆంధ్రా నంబరు బండి అలాగే ఉంచుకుంటే ఇన్సూరెన్స్ చాలా తక్కువ పడుతుందని కొందరి నమ్మకం. 70,000 ఐడీవీ మీద ఈ జోన్ తేడా అక్షరాలా 22 రూపాయలు. దానికోసం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటాక రీ-రిజిస్ట్రేషన్ చేయించకుండా తిరగడంలో అర్థం లేదు. హైదరాబాద్ నంబరైతే ఆ 22 కూడా మిగలదు.

ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. ఎక్స్-షోరూం ధరలోంచి బండి వయసుని బట్టి తగ్గిస్తారు: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50. ఐదేళ్ళు దాటితే కంపెనీ, ఓనరు మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆన్‌లైన్‌లో ఐడీవీని కిందికి జరిపితే ప్రీమియం తగ్గుతూ కనిపిస్తుంది, అందుకే చాలామంది అక్కడ చెయ్యి పెడతారు. లెక్క చూడండి. లక్ష రూపాయల బండి, రెండేళ్ళు నిండింది, ఐడీవీ 70,000. క్లెయిమ్ లేని రెండేళ్ళకి ఓడీలో 25 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ ఉంది. ఐడీవీని 60,000కి దింపితే టారిఫ్ లెక్కన ఓడీలో 171 తగ్గుతుంది. బోనస్ తీసేసి జీఎస్టీ కలిపితే చేతికి మిగిలేది 151 రూపాయలు. కంపెనీ డిస్కౌంట్ ఇస్తుంటే ఇంకా తక్కువ. ఆ 151 కోసం, బండి దొంగతనం అయిన రోజున 10,000 వదులుకుంటున్నాం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టం కింద లెక్కేస్తారు. ఐడీవీ తక్కువ పెట్టుకుంటే ఆ హద్దు కూడా ముందే వచ్చేస్తుంది, బాగుచేసి నడుపుకోగల బండి చేజారిపోతుంది. కంపెనీలని పోల్చేటప్పుడు అన్నిచోట్లా ఐడీవీ ఒకే అంకెకి పెట్టి చూడాలి. చవకగా కనిపించే కొటేషన్లలో చాలావాటి గుట్టు తక్కువ ఐడీవీయే.

యాభై రూపాయల కోసం పెద్ద ముప్పు తెచ్చుకునే ఇంకో చోటుంది. ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి బైకు పాలసీలో మామూలుగా లక్ష రూపాయల దాకా కవర్ ఉంటుంది. దాన్ని చట్టం చెప్పిన కనీసం 6,000కి కుదించుకుంటే టారిఫ్‌లో 50 రూపాయల తగ్గింపు ఇస్తారు. అవుటర్ రింగ్ రోడ్డులో హ్యాండిల్ తగిలి ఒక కారు తలుపు గీసుకుపోతే 6,000 ఏ మూలకీ రాదు. ఆ గడిలో టిక్ ఉంటే తీసేయండి.

నో క్లెయిమ్ బోనస్ దగ్గర మాత్రం నిజంగా డబ్బుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాదికి 20, రెండుకి 25, మూడుకి 35, నాలుగుకి 45, ఐదుకి 50 శాతం ఓడీలో తగ్గుతుంది. ఇది పోయేది రెండు కారణాల వల్ల: గడువు తీరి 90 రోజులు దాటడం, చిన్న చిన్న క్లెయిమ్‌లు చేయడం. చిన్న క్లెయిమ్ లెక్క ఇలా ఉంటుంది. పైన చెప్పిన బండే మూడో ఏడాదిలో పడిపోయి మడ్‌గార్డు, ఇండికేటరు పగిలాయి. బిల్లు 1,600, అందులో ప్లాస్టిక్ సామాను 1,200, కూలీ 400. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు. ప్రతి క్లెయిమ్‌లో ఓనరే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 100. అంటే చేతికొచ్చేది 900. క్లెయిమ్ చేసినందుకు వచ్చే ఏడాది 35 శాతం బదులు సున్నా, ఆ పై ఏడాది 45 బదులు 20. ఐడీవీ 60,000, 50,000 చొప్పున వేసుకుంటే ఈ రెండేళ్ళలోనే జీఎస్టీతో 675 పోతుంది, ఐదో రెన్యువల్‌లో ఇంకో 200 పైనే. వచ్చింది వచ్చినట్టే పోయింది, పైగా షోరూం చుట్టూ తిరిగిన శ్రమ. అందుకే ఈ తరగతి బండికి బిల్లు మూడు వేలు దాటకపోతే క్లెయిమ్ జోలికి వెళ్ళొద్దంటాం. కంపెనీ ఓడీలో భారీ డిస్కౌంట్ ఇచ్చి ఉంటే బోనస్ విలువ తగ్గుతుంది కాబట్టి, ఆ పాలసీలకి ఈ హద్దు కొంచెం కిందికి వస్తుంది.

బోనస్ బండిది కాదు, ఓనరుది. పాత బండి అమ్మి కొత్తది కొనేటప్పుడు దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. అమ్మిన కాగితాలు చూపించి పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొత్త టూ వీలర్ మీద వాడుకోవచ్చు. 50 శాతం బోనస్ ఉన్నవాళ్ళకి, లక్ష రూపాయల కొత్త బండి మొదటి ఏడాది ఓడీలో జీఎస్టీతో కలిపి 957 రూపాయల దాకా మిగులుతుంది. సర్టిఫికెట్ బండి కొన్న తర్వాత కాదు, షోరూంలో పాలసీ రాసే ముందే చేతిలో ఉండాలి. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్ళకి ఇది తిరగబడుతుంది. పాత ఓనరు బోనస్ కొత్తవాళ్ళకి రాదు, ఆ తేడా కట్టి 14 రోజుల్లో పాలసీ తమ పేరుకి మార్చుకోవాలి. ఆర్‌సీ మారి పాలసీ మారకపోతే టీపీ వర్తిస్తుంది గానీ సొంత బండి క్లెయిమ్ రాదు. ఇంకొకటి: క్లెయిమ్ చేసి కూడా చేయలేదని ఆన్‌లైన్‌లో టిక్ పెట్టి బోనస్ తీసుకునేవాళ్ళున్నారు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది, ఆ సంగతి బయటపడేది సరిగ్గా క్లెయిమ్ రోజునే. అప్పుడు చేతికి రావాల్సిన డబ్బుకే కోత పడుతుంది, లేదా అసలు రాదు.

ఓనరు-డ్రైవరు ప్రమాద బీమా 15 లక్షలకి తప్పనిసరి, నిజమే. అయితే రెండు బండ్లున్నవాళ్ళు రెండిటికీ కట్టనక్కర్లేదు. 2019 జనవరి నుంచి ఇది విడి పాలసీగా కూడా దొరుకుతోంది. ఒక బండికి ఉన్నా, లేదా 15 లక్షలకి తగ్గని వ్యక్తిగత ప్రమాద పాలసీ వేరే ఉన్నా, రెన్యువల్‌లో ఆ సంగతి చెప్పి తీసేయించుకోవచ్చు. ఏడాదికి మూడు నాలుగు వందలు అక్కడే తగ్గుతాయి. కట్టేవాళ్ళు మాత్రం ఒకటి చూసుకోవాలి: ఆర్‌సీలో పేరున్న ఓనరుకే, చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉంటేనే ఇది వర్తిస్తుంది. నాన్నగారి పేరు మీద బండి, నడిపేది కొడుకు అయితే కొడుక్కి ఈ కవర్ లేదు.

యాడ్-ఆన్‌లలో, అంటే అదనంగా కట్టి తీసుకునే కవర్లలో, బండిని బట్టి, ఉండే చోటుని బట్టి ఎంచుకోవాలి. బంపర్ టు బంపర్ అనే జీరో డిప్రిసియేషన్ (ప్లాస్టిక్ లాంటి భాగాలకి కోత లేకుండా ఇచ్చేది), ప్లాస్టిక్ ప్యానెళ్ళు ఎక్కువున్న స్కూటర్లకీ, ఫెయిరింగ్ ఉన్న స్పోర్ట్స్ బైకులకీ మొదటి మూడు నాలుగేళ్ళు పనికొస్తుంది. ఇనుప రేకు మడ్‌గార్డులున్న మామూలు కమ్యూటర్ బండికి అంత అక్కర్లేదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ బండి కంపెనీయే ఇచ్చిందేమో చూసి, ఉంటే తీసేయాలి. నీరు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ విషయంలో మాత్రం మిగతా డబ్బు మిగుల్చుకుని ఇక్కడ పెట్టమంటాం, ముఖ్యంగా బెల్లందూరు, సర్జాపుర రోడ్డు పల్లపు ప్రాంతాల్లోనూ, చెన్నైలో వేళచ్చేరి, పళ్ళికరణై వైపూ ఉండేవాళ్ళకి. వరదలో మునిగిన బండికి ఓడీలో కవర్ ఉంటుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్ళకి ఏమీ రాదు. కానీ నీళ్ళు తగ్గాక సెల్ఫ్ కొట్టి చూస్తే సిలిండర్‌లోకి చేరిన నీరు నలగక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ నష్టం వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిందని సర్వేయర్ రాస్తాడు, మామూలు పాలసీలో ఆ డబ్బు రాదు. బండి మునిగితే తాళం తిప్పి స్టార్ట్ చేయకూడదు. వీలుంటే బ్యాటరీ వైరు ఊడదీసి, నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, టోయింగ్‌లో షోరూంకి పంపాలి.

వైట్‌ఫీల్డ్ వైపూ, ఎలక్ట్రానిక్ సిటీ వైపూ మెట్రో వచ్చాక బండిని ఆదివారాలకే తీసేవాళ్ళు పెరిగారు. ఇలాంటివాళ్ళకోసం నడిపిన కిలోమీటర్లని బట్టి ఓడీ కట్టే పద్ధతికి 2022 జులైలో ఐఆర్‌డీఏఐ వీలు కల్పించింది. అన్ని కంపెనీలూ బైకులకి ఇవ్వడం లేదు, అడిగి తీసుకోవాలి. మొదట్లో ఓడోమీటర్ ఫొటో పంపాలి. ఎంచుకున్న కిలోమీటర్లు దాటబోతుంటే ముందే టాపప్ చేయించుకోవాలి.

పాత బండికి థర్డ్ పార్టీ ఒక్కటి చాలా? ఐడీవీ 15,000 దాకా పడిపోయి, బండి పోయినా తట్టుకోగలమనుకుంటే సరే. కానీ వెనక సీటు మాట మరవొద్దు. లయబిలిటీ (థర్డ్ పార్టీ) పాలసీ ఒక్కటే ఉంటే వెనక ఊరికే ఎక్కినవాళ్ళకి జరిగిన నష్టం బీమా కంపెనీ మీద పడదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడీ, టీపీ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీలో వెనక కూర్చున్నవాళ్ళకి కవర్ ఉంటుంది. భార్యనో, పిల్లల్నో రోజూ వెనక కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్ళు పాత బండైనా సరే ప్యాకేజీ వదలకూడదు. అలాగే డెలివరీకి, బైక్ టాక్సీకి తిప్పే బండి మీద ప్రైవేటు పాలసీ ఉంటే ఓడీ క్లెయిమ్ నిలవదు. కిరాయికీ, సరుకు రవాణాకీ వాడకూడదని పాలసీలోనే రాసి ఉంటుంది. యాప్ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా మనిషికి, బండికి కాదు. ఇక్కడ తక్కువకి వెతకడం కంటే నిజం చెప్పి సరైన పాలసీ తీసుకోవడమే దారి.

కొత్త బండి కొనేవాళ్ళు షోరూంలో ఎక్స్-షోరూం, రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ విడివిడిగా రాయించుకోవాలి. 125 సీసీ బండికి ఇన్సూరెన్స్ 9,500 అన్నారనుకోండి. ఐదేళ్ళ టీపీ జీఎస్టీతో 4,544, అది కదలదు. లక్ష రూపాయల బండికి మొదటి ఏడాది ఓడీ టారిఫ్ లెక్కన జీఎస్టీతో 1,915. మిగిలిన మూడు వేలు దేనికో అడగాలి. ప్రమాద బీమా ఏడాదికా, ఐదేళ్ళకా, ఏ యాడ్-ఆన్‌లు వేశారు అన్నది ఒక్కొక్కటిగా తేలుతుంది. పాలసీ షోరూంలోనే తీసుకోవాలన్న బలవంతం చట్టంలో లేదు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఇమ్మని అడిగి బయట తీసుకోవచ్చు. ఇవ్వడానికి నసిగితే, బయటి కొటేషన్ ఫోన్‌లో చూపిస్తే చాలాసార్లు వాళ్ళే తగ్గిస్తారు.

రెన్యువల్‌ని చివరి రోజుకి వదలొద్దు. ఒక నెల ముందే కొటేషన్లు తీసుకోవచ్చు, కొత్త పాలసీ పాతది ముగిసిన అర్ధరాత్రి నుంచే మొదలవుతుంది. మధ్యలో ఒక్కరోజు ఖాళీ వచ్చినా ఓడీకి ఇన్‌స్పెక్షన్ అడగొచ్చు, కవర్ కొన్ని రోజులు ఆలస్యంగా మొదలవ్వొచ్చు. తేడాలొస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. బెంగళూరులో ఆ ఆఫీసు జేపీ నగర్‌లో జీవన్ సౌధలో ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఇదంతా జనం తమ చేతిలో ఉన్నంత మేరకు చేసుకోగలిగింది. ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు. సరుకు లారీల థర్డ్ పార్టీ బీమా మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మోటార్ సైకిల్ థర్డ్ పార్టీ మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. చట్టం తప్పనిసరి చేసిన బీమా, అదీ రోడ్డు మీది ఎదుటి మనిషి కోసం కట్టే బీమా. 714 రూపాయల మీద 128 రూపాయల 52 పైసలు పన్ను వేయడం న్యాయం కాదు. లారీకి ఇచ్చిన 5 శాతం రేటునే టూ వీలర్ థర్డ్ పార్టీకీ వర్తింపజేయాలని జీఎస్టీ కౌన్సిల్‌ని కోరుతున్నాం. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు ప్రభుత్వాలు వచ్చే సమావేశంలో ఈ అంశాన్ని లేవనెత్తాలి.

ఇట్లు,
మోటారు బీమా రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
మారతహళ్ళి, బెంగళూరు